సీటు మీంచి లేచి తొక్కేటప్పుడు ఒళ్ళు ఎక్కడుండాలి, సైకిల్ ఎలా ఉండాలి: తిరుపతి మిట్టలు ఎక్కేవాళ్ళకు మార్గదర్శి

"అన్నా, సీటు మీంచి లేస్తే చాలు, సైకిల్ పాములా వంకర్లు పోతోంది." "లేచి తొక్కితే అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి." "మోకాలు హ్యాండిల్‌కు తగుల్తోంది, పెద్ద సైజు సైకిల్ కొనాలా?" అలిపిరి వైపు మిట్ట ఎక్కడం మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ కాస్త అటూ ఇటూగా అడిగేవి ఇవే.

చాలావరకు ఈ మూడింటికీ మూలం ఒకటే. పాదాల మీద ఉండాల్సిన బరువు చేతుల మీదికి పోతోంది. దానికి కారణం కొంత తొక్కే పద్ధతిలో ఉంటుంది, కొంత సైకిల్ కొలతల్లో ఉంటుంది. ఏది ఎందులో ఉందో తేల్చుకోకుండా షాపుకెళ్ళి స్టెమ్ (హ్యాండిల్‌ను ముందు ఫోర్కుకు పట్టి ఉంచే ముక్క) మార్పించుకుంటే డబ్బు పోతుంది, వంకర మాత్రం పోదు. అందుకే కింది వరస మార్చకండి. ముందు సైకిల్ గట్టిదనం, తర్వాత కూర్చునే కొలతలు, తర్వాత పద్ధతి. విడిభాగాలు కొనే మాట చిట్టచివర.

1. లేవడానికి ముందు సైకిల్‌ను నమ్మొచ్చో లేదో చూడండి

కూర్చుని తొక్కేటప్పుడు చైను పళ్ళు తప్పితే కాలు ఒక్క క్షణం ఖాళీగా తిరుగుతుంది, అంతే. లేచి తొక్కేటప్పుడు అదే జరిగితే ఒళ్ళంతా ముందుకు పడి ఫ్రేము పైగొట్టం మీద కూలబడతారు. పళ్ళు తప్పే చైనుతో ఎవరినీ లేవనివ్వను.

- చైను అరుగుదలను గేజితో చూపించండి. వెనక 10 గేర్ల దాకా ఉన్నవాటికి 0.75 గుర్తు, 11 ఆపైన ఉన్నవాటికి 0.5 గుర్తు చేరితే చైను మార్చాలి. కొత్త చైను వేశాక కూడా పళ్ళు తప్పుతుంటే క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి) అరిగిపోయిందని లెక్క.
- ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. హ్యాండిల్ కింద, ఫ్రేము, ఫోర్కు కలిసే చోట వేలు పెట్టి చూడండి. టకటకమని కదిలితే హెడ్‌సెట్, అంటే అక్కడి బేరింగు, లూజుగా ఉన్నట్టు.
- ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టి హ్యాండిల్‌ను తిప్పండి. చక్రం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరిగితే స్టెమ్ బోల్టులు బిగించాలి. బిగింపు ఎంతో చాలా స్టెమ్‌ల మీదే రాసి ఉంటుంది, సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో. కార్బన్ భాగాలైతే టార్క్ రెంచి (బిగింపు కొలిచే పానా) లేకుండా ముట్టుకోవద్దు.
- రెండు చక్రాల క్విక్ రిలీజులు (చక్రాన్ని బిగించే మీటలు), పెడళ్ళు, క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) బోల్టులు చూడండి. పాత డబ్బా సైకిల్ అయితే క్రాంకును పట్టి ఉంచే కాటర్ పిన్ను లూజు లేకుండా కొట్టించండి.
- లేచినప్పుడు మాత్రమే బ్రేకు గీరుకునే శబ్దం వస్తోందా? స్పోకులు వదులై రిమ్ము వంగుతోంది. బెండు తీయించండి.

2. కూర్చునే కొలతలు సరిచేయండి

"లేచి తొక్కుతుంటే సీటుతో పనేముంది?" అనొద్దు. లేచేది, మళ్ళీ దిగేది ఆ సీటు మీదికే. సీటు మరీ కిందికుంటే లేవడమంటే పెద్ద ఎత్తు ఎగరడమే అవుతుంది, ఆ ఊపులో ఒళ్ళు ముందుకు విసురుకుపోతుంది. మరీ పైకుంటే కూర్చునేటప్పుడు నిక్కరు సీటు ముక్కుకు తగులుకుంటుంది.

ఎత్తుకు సులువైన పద్ధతి: గోడ ఆనుకుని సీటెక్కండి. పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి మడమ దాని మీద పెట్టండి. మోకాలు తిన్నగా సాగాలి, నడుము పక్కకు ఒరగకూడదు. అక్కడి నుంచి పాదం ముందుభాగం పెడల్ మీదికి తెస్తే మోకాలు కొద్దిగా వంగుతుంది. కొలిచే సాధనం ఉంటే అడుగున ఆ వంపు 25 నుంచి 35 డిగ్రీల మధ్య వస్తే చాలు.

సీటు నేలకు సమాంతరంగా ఉంచండి. ముక్కు పైకి లేచి ఉంటే, లేచి తొక్కేటప్పుడు తొడల వెనక గుచ్చుతుంది.

పాదం విషయంలో, బొటనవేలి మొదట్లోని ఎముక పెడల్ ఇరుసు మీదికో, దానికి కాస్త ముందుకో రావాలి. వేళ్ళ కొసలతో తొక్కితే ఎక్కుడు సగం కాకముందే పిక్క పట్టేస్తుంది. ఇక చెప్పులు. మన ఊళ్ళో చెప్పులేసుకుని గేరు సైకిల్ తొక్కేవాళ్ళు తక్కువేం కాదు, కూర్చుని వెళ్ళినంతసేపూ వాళ్ళ ఇష్టం. లేచి తొక్కాలంటే మాత్రం గట్టి అడుగున్న బూట్లు ఉండాల్సిందే.

3. హ్యాండిల్, చేతులు

వంపు హ్యాండిల్ ఉన్న రోడ్డు బైకు అయితే లేచినప్పుడు చేతులు బ్రేకు హుడ్ల (బ్రేకు మీటల పైనున్న రబ్బరు తొడుగుల) మీద ఉండాలి. మధ్యలోని అడ్డగొట్టం పట్టుకుని లేవొద్దు. అక్కడ చేతులు దగ్గరగా ఉంటాయి, చిన్న గుంత తగిలినా హ్యాండిల్ మెలి తిరుగుతుంది, బ్రేకు కూడా అందదు. కింది వంపులు పట్టుకునేది స్ప్రింటు కోసం. కొండెక్కేటప్పుడు వాటితో పెద్దగా పనిలేదు.

హుడ్లు కిందికి వాలి ఉంటే లేచిన ప్రతిసారీ చేతులు ముందుకు జారతాయి. హ్యాండిల్ పైభాగం, హుడ్డు ఒకే వరసలో కలిసేలా, పట్టుకున్నప్పుడు మణికట్టు వంగకుండా అమర్చుకోండి. హ్యాండిల్ వెడల్పు మీ రెండు భుజాల ఎముకల మధ్య దూరానికి దగ్గరగా ఉంటే చాలు.

హైబ్రిడ్, ఎంటీబీ (మౌంటెన్ బైకు) వాళ్ళ ఇబ్బంది వేరు. తిన్నని హ్యాండిల్ వెడల్పుగా ఉండటంతో మోచేతులు బయటికి పోతాయి, ఛాతీ కిందికి దిగుతుంది, బరువంతా అరచేతుల మీద పడుతుంది. దీనికి చవకైన మందు బార్ ఎండ్లు, అంటే హ్యాండిల్ రెండు కొసలకూ బిగించే చిన్న కొమ్ములు. వాటిని పట్టుకుంటే అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి, మోచేతులు సహజంగా లోపలికి వస్తాయి. బ్రేకులు మాత్రం అక్కడికి అందవు, అందుకే ఎక్కుడులో తప్ప వాడొద్దు. ముందు ఫోర్కుకు లాకౌటు (స్ప్రింగు కదలకుండా ఆపే మీట) ఉంటే లేచే ముందు వేసేయండి. లేదంటే మీ బలంలో కొంత స్ప్రింగును నొక్కడానికే సరిపోతుంది.

ఎండాకాలంలో తిరుపతిలో పొద్దున ఏడింటికే చేతులు చెమటపడతాయి. నున్నగా అరిగిన గ్రిప్పులతో లేవొద్దు. కొత్తవి వేయించండి, లేదా గ్లవ్స్ వేసుకోండి.

4. లేచినప్పుడు ఒళ్ళు ఎక్కడుండాలి

అసలు సంగతంతా ఇక్కడే ఉంది. మిగతావి త్వరగా చదివినా, ఇది మాత్రం నిదానంగా చదవండి.

క్రాంకులు తిరిగే ఇరుసును షాపుల్లో బీబీ అంటారు. లేచినప్పుడు మీ తుంటి ఆ బీబీకి నేరుగా పైన, లేదా ఇసుమంత ముందుకు ఉండాలి. పక్కనుంచి స్నేహితుడితో వీడియో తీయిస్తే ఇట్టే తెలుస్తుంది. వీడియో లేకపోతే తొడలే చెబుతాయి. తొక్కుతున్నప్పుడు సీటు ముక్కు తొడల వెనక భాగాన్ని అప్పుడప్పుడు తాకీ తాకనట్టు రాసుకోవాలి. అసలు తగలడమే లేదంటే మీరు మరీ ముందుకు పోయారు. గట్టిగా ఒత్తుతోందంటే సగమే లేచారు, తొడలు త్వరగా మండిపోతాయి.

నడుము నిటారుగా కాదు, తుంటి దగ్గర కొద్దిగా ముందుకు వంగి. వీపు తిన్నగా. భుజాలు చెవుల దాకా ఎగేసుకోకుండా కిందికి వదిలేయాలి. మోచేతులు కొద్దిగా మడిచి ఉండాలి, తాళం వేసినట్టు బిగిస్తే రోడ్డు అదురంతా మెడకెక్కుతుంది. చూపు ముందు చక్రం మీద కాదు, పది పదిహేను మీటర్ల అవతల.

ఇప్పుడు పరీక్ష. బండ్లు లేని తిన్నని చదును రోడ్డు మీద కొంచెం వేగం తెచ్చుకుని తొక్కడం ఆపండి. పెడళ్ళు రెండూ ఒకే ఎత్తులో, ఒకటి ముందు, ఒకటి వెనక. సీటు మీంచి లేవండి. హ్యాండిల్ వదలకుండానే, బ్రేకు మీద ఒక్కో వేలు ఉంచి, మిగతా వేళ్ళను వదులు చేసి గ్రిప్పు మీద దరువు వేయండి. ఒళ్ళు కదలకుండా నిలబడితే బరువు పాదాల మీద ఉన్నట్టే. వేళ్ళు వదులు చేయగానే ముందుకు తూలితే తుంటిని రెండు వేళ్ళ మందం వెనక్కి తెచ్చి మళ్ళీ చూడండి. ఇది కుదిరేదాకా తర్వాతి మెట్టుకు పోవద్దు. చాలామంది అరచేతుల తిమ్మిరి ఈ ఒక్క సాధనతోనే సగానికి తగ్గుతుంది.

ఎక్కుడు పెరిగేకొద్దీ సైకిల్ ముందుభాగం పైకి లేస్తుంది, మీరు కదలకపోయినా బరువు వెనక్కి పోతుంది. అందుకని నిటారు మిట్టలో ఒళ్ళు కొంచెం ముందుకు తేవాలి. అతిగా తెస్తే వెనక చక్రం పట్టు తప్పి గిర్రున తిరుగుతుంది, ముఖ్యంగా వాన పడ్డ రోడ్డు మీద, తెల్ల గీతల పెయింటు మీద. తడి రోడ్డు మీద వీలైనంతవరకు కూర్చునే ఎక్కండి.

5. లేచే వరస, కూర్చునే వరస

లేచాక కాళ్ళు తిరిగే వేగం తగ్గుతుంది. కూర్చుని నిమిషానికి 80 చుట్లు తొక్కేవాళ్ళు లేచాక 60, 65 దగ్గర ఆగుతారు. కాబట్టి లేవకముందే గేరు బరువు చేసుకోవాలి.

1. కూర్చునే ఉండి, కాలి ఒత్తిడి ఒక్క చుట్టు తగ్గించి, వెనక గేరు ఒకటి లేదా రెండు పళ్ళచక్రాలు బరువుకు మార్చండి. లేచి బలంగా తొక్కుతూ గేరు మార్చొద్దు, చైను ఫటేలుమంటుంది.
2. చేతులు హుడ్ల మీదికో కొమ్ముల మీదికో తెచ్చుకోండి.
3. మీ బలమైన కాలు పైనుంచి కిందికి దిగడం మొదలుపెట్టే క్షణం కోసం చూడండి. ఆ కాలి మీద బరువు వేస్తూ, ఒళ్ళు పైకీ ముందుకూ ఒకే కదలికలో లేవాలి.
4. లేస్తున్నప్పుడు తొక్కడం ఆగకూడదు.
5. దిగేటప్పుడూ అంతే. కాలు కిందికి నొక్కుతుండగానే తుంటిని వెనక్కి జరిపి సీటు వెనక సగం మీద కూర్చోండి. తర్వాత గేరు తేలిక చేసుకోండి.

పై వరసలో మూడోది ఎందుకంటే, తప్పు క్షణంలో లేస్తే సైకిల్ వేగం ఒక్కసారిగా పడిపోతుంది. వెనక వచ్చేవాడి కళ్ళకు మీ చక్రం వెనక్కి వచ్చినట్టే కనిపిస్తుంది, ముందు చక్రం వచ్చి తగులుతుంది. గుంపుగా పోయేటప్పుడు లేచే ముందు "లేస్తున్నా" అని ఒక్క కేక వేయండి.

6. ఊగాల్సింది సైకిల్, మీరు కాదు

కుడికాలు నొక్కేటప్పుడు కుడిచేత్తో హ్యాండిల్‌ను కొద్దిగా పైకి లాగండి. సైకిల్ ఎడమకు ఒరుగుతుంది. ఎడమకాలు నొక్కేటప్పుడు ఎడమచేత్తో లాగితే కుడికి ఒరుగుతుంది. తల, ఛాతీ మాత్రం రోడ్డుకు నడిమధ్యలోనే ఉండాలి. కొత్తవాళ్ళు దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు, సైకిల్‌ను బిగబట్టి తామే అటూ ఇటూ ఊగుతారు. పాములా పోవడం అంటే అదే.

ఊపు కొద్దిగానే ఉండాలి. ముందు చక్రం మాత్రం గీత తప్పకూడదు. రోడ్డు అంచున ఉండే తెల్లగీతకు చక్రం జానెడు దూరంలో పెట్టుకుని తొక్కుతూ ఆ దూరం మారకుండా చూసుకోండి.

7. ఎక్కడ నేర్చుకోవాలి

మొదటి వారం చదును. తెల్లవారుజామున యూనివర్సిటీ వైపు ఖాళీగా ఉండే రోడ్లు చాలు. పది పెడల్ చుట్లు లేచి, నిమిషం కూర్చుని, మళ్ళీ పది. ఇలా ఎనిమిది సార్లు.

రెండో వారం మెల్లని వాలు. అలిపిరి నుంచి చెర్లోపల్లి వైపు, జూ పార్కు మీదుగా పోయే రోడ్డు దీనికి బాగుంటుంది. వెడల్పుగా ఉంటుంది, ఎత్తుపల్లాలు సున్నితంగా వస్తాయి. పది చుట్లను ఇరవైకి పెంచండి.

ఆ తర్వాతే ఘాట్. తిరుమలకు ఎక్కే బండ్లకు రెండో ఘాట్ రోడ్డు, దిగేవాటికి మొదటిది. సైకిల్‌తో వెళ్ళేముందు ఆ రోజు అనుమతిస్తున్నారో లేదో, ఏ వేళల్లోనో అలిపిరి టోల్ గేటు దగ్గర అడిగి కదలండి. బ్రహ్మోత్సవాల రోజుల్లో, సెలవుల రద్దీలో సాధన పెట్టుకోవద్దు. భాకరాపేట ఘాట్ కొత్తవాళ్ళకు నేను చెప్పను, మలుపుల్లో లారీలతో పోటీ పడుతూ నేర్చుకునే విద్య కాదిది. మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండను కాళ్ళు కుదిరాక బహుమతిగా దాచుకోండి.

8. ఘాట్ మీద ఎప్పుడు లేవాలి

సున్నితమైన ఎక్కుడులో కూర్చుని తొక్కడమే తక్కువ ఖర్చు. లేస్తే ఒంటి బరువును కాళ్ళే మోయాలి కాబట్టి గుండె వేగం పెరుగుతుంది. నాలుగైదు శాతం ఎక్కుడులో కొన్ని నిమిషాలకొకసారి పదిహేను ఇరవై సెకన్లు లేవండి. అది నడుముకూ పిరుదులకూ విశ్రాంతి కోసం. కూర్చుంటే కాళ్ళు ఆగిపోయేంత నిటారు ముక్క వచ్చినప్పుడు మాత్రం బలం కోసం లేవండి.

హెయిర్‌పిన్ మలుపుల్లో ఒక కిటుకు ఉంది. మనం ఎడమ అంచున పోతాం కదా. ఎడమ మలుపు వచ్చినప్పుడు మనం లోపలి వైపు ఉంటాం, అక్కడ రోడ్డు చాలా నిటారు. మలుపుకు ముందే, అంటే రోడ్డు వంగడం మొదలయ్యేలోగా, గేరు సిద్ధం చేసుకుని లేచేయండి. కుడి మలుపులో మనం బయటి వైపు ఉంటాం, అక్కడ వాలు తక్కువ, దూరం ఎక్కువ. కూర్చుని ఊపిరి తీసుకోవాల్సిన చోటు అదే. చాలామంది కుడి మలుపులో ఉత్సాహంగా లేచి, ఎడమ మలుపుకు వచ్చేసరికి కాళ్ళు చచ్చి దిగి తోసుకుంటారు.

పైకి పోయే బస్సు దగ్గరికి వచ్చిన శబ్దం వినిపిస్తే కూర్చోండి. పెద్ద బండి దాటేటప్పుడు గాలి తోస్తుంది, ఊగుతున్న సైకిల్‌ను పట్టుకోవడం కష్టం.

9. తప్పులు, మందులు

- *మోకాలు హ్యాండిల్‌కు తగుల్తోంది.* ముందు తుంటి వెనక్కి తెచ్చి చూడండి. పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలికీ హ్యాండిల్‌కూ నాలుగు వేళ్ళ ఎడం ఉంటే కొలత బాగున్నట్టే. తుంటి సరిచేసినా తగుల్తుంటే 10వ అంశానికి పోండి.
- *అరచేతుల తిమ్మిరి.* 4వ అంశంలోని వేళ్ళ పరీక్ష. తర్వాత హుడ్ల వాలు. టైర్లలో గాలి రాయిలా కొట్టించి ఉంటే తగ్గించండి, టైరు పక్కన రాసిన హద్దుల్లోనే.
- *నడుం నొప్పి.* గేరు మరీ బరువైంది, లేదా హ్యాండిల్ మరీ కిందికుంది. మొదలుపెట్టేవాళ్ళకు హ్యాండిల్ సీటు ఎత్తులోనే ఉన్నా తప్పులేదు.
- *పిక్కలు పట్టేయడం.* మడమ మరీ పైకెత్తి వేళ్ళ మీద తొక్కుతున్నారు. క్లీట్లు (బూటును పెడల్‌కు బిగించే ముక్కలు) వాడేవాళ్ళు వాటిని రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరపండి.
- *వెనక చక్రం జారడం.* ఒళ్ళు ముందుకెక్కువైంది, లేదా కాలు కుదుపుగా వేస్తున్నారు.
- *మోకాలి నొప్పి ఇంటికొచ్చాక కూడా ఉండటం.* కొలతలతో ఆటలు ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి.

10. స్టెమ్ మార్చాలా?

పై మెట్లన్నీ రెండు వారాలు చేశాక కూడా మోకాలు తగిలితేనో, లేచినప్పుడు చేతులు పూర్తిగా చాచాల్సి వస్తేనో అప్పుడు ఆలోచించండి.

మోకాలు తగులుతుంటే పొడవు స్టెమ్. చేతులు అందకపోతే పొట్టిది. ఒక్కసారికి 10 మిల్లీమీటర్లే మార్చండి. ఎత్తు కావాలంటే కొత్తది కొనకముందే స్టెమ్ పైనున్న స్పేసర్లను (ఉంగరాల్లాంటి ముక్కలను) కిందికి తెప్పించండి, లేదా స్టెమ్‌నే తిరగేయించండి. ఈ రెండూ దాదాపు ఖర్చు లేని పనులు, కానీ అమ్మేవాడు వాటిని ముందు చెప్పడు.

బిగించేటప్పుడు వరస: ముందు పైమూత బోల్టు, హెడ్‌సెట్ లూజు పోయేంత వరకే. తర్వాత హ్యాండిల్ చక్రానికి తిన్నగా ఉందో చూసుకోవాలి. ఆ తర్వాత స్టెమ్ పక్క బోల్టులు, ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా. పైమూతే స్టెమ్‌ను పట్టి ఉంచుతుందనుకుని దాన్ని బలంగా తిప్పేవాళ్ళుంటారు. పట్టి ఉంచేవి పక్క బోల్టులు.

స్టెమ్ 20 మిల్లీమీటర్లకు పైగా మార్చాల్సి వస్తోందంటే ఫ్రేము సైజే మీది కాదు. దాన్ని మంచి ధర వచ్చేటప్పుడే అమ్మేయండి. తర్వాతిది కొనేటప్పుడు షోరూములో సీటు మీద కూర్చుని చూసి ఊరుకోకుండా, ఎవరినైనా సైకిల్ పట్టుకోమని పెడళ్ళ మీద లేచి నిలబడి, మోకాలికీ హ్యాండిల్‌కూ నాలుగు వేళ్ళు పడతాయో లేదో అక్కడే చూసుకోండి.